పులి లేని చోట... జింకల లెక్క!

ఒకప్పుడది నిజాం నవాబుల వేటభూమి. ఇప్పుడక్కడ జింకను గాయపరిచినా జైలే. వేటగాడు లేడు, పులి లేదు, చుట్టూ గోడ. మరి జింకలు పెరుగుతూ పోతే? ఇదే ప్రశ్న ఎదురైతే అమెరికా తుపాకీ అందుకుంది. మన చట్టం మాత్రం కాల్చొద్దంటోంది. ఎల్బీనగర్ పక్కనున్న హరిణ వనస్థలి గోడ వెనక దాగిన లెక్క ఇది.

దిల్‌సుఖ్‌నగర్ దాటి, సరూర్‌నగర్ చెరువును వెనక వదిలేసి, ఎల్బీనగర్ చౌరస్తాలో విజయవాడ రోడ్డు పట్టుకుంటే ఎటు చూసినా దుకాణాలూ, అపార్టుమెంట్లూ, హారన్ల మోతే. వనస్థలిపురం, ఆటోనగర్ దాకా వచ్చేసరికి ఒక్కసారిగా రోడ్డు పక్కన పచ్చదనం మొదలవుతుంది. అదే మహావీర్ హరిణ వనస్థలి. ఈ చుట్టుపక్కల వాళ్లకు మాత్రం అది ఎప్పటికీ 'జింకల పార్కే'.

విస్తీర్ణం 14.59 చదరపు కిలోమీటర్లు. అంటే 3,605 ఎకరాలు. జూబ్లీహిల్స్‌లోని కేబీఆర్ పార్కు లాంటివి ఇందులో పది పట్టేస్తాయి. ఆదివారం వస్తే చాలు, పిల్లల్ని వెంటేసుకుని కుటుంబాలు కదిలొస్తాయి. చెట్ల నీడన చుక్కల జింకలు, గడ్డిలో మెలితిరిగిన కొమ్ములతో కృష్ణజింకలు కనబడగానే పిల్లల కేరింతలకు అంతుండదు. 'అవి ఇక్కడ హాయిగా ఉన్నాయి కదా!' అనుకుంటూ పెద్దలూ మురిసిపోతారు.

హాయిగానే ఉన్నాయి. అయితే ఆ హాయికి ఓ లెక్క ఉంది. ఆ లెక్క చూసేది ఎవరన్నదే అసలు సంగతి.

నవాబుల వేటభూమి

అసఫ్‌జాహీల కాలంలో నగరం చుట్టూ ఉన్న అడవుల్లో, గడ్డి మైదానాల్లో పాలకులకు ప్రత్యేకంగా వేటభూములు ఉండేవి. వాటిని 'షికార్‌గా' అనేవాళ్లు. ఇప్పటి హరిణ వనస్థలి అలాంటిదే. సామాన్యుడు అందులో అడుగుపెట్టడానికి లేదు. నవాబులకూ, వారి అతిథులకూ మాత్రమే ఆ వినోదం.

ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌కు వేటంటే ప్రాణం. పులుల వేటలో ఆయన పేరు దేశమంతా మారుమోగింది. దేశవిదేశాల నుంచి వచ్చే పెద్దలకు వేట ఏర్పాటు చేయడం ఆ రోజుల్లో మర్యాదలో భాగం. ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ 1893లో ప్రపంచయాత్ర చేస్తూ హైదరాబాద్ వచ్చి, నిజాం అతిథిగా వేటకు వెళ్లాడు. తర్వాత 1914లో ఆయన హత్యతోనే మొదటి ప్రపంచయుద్ధం అంటుకుంది.

కృష్ణజింకల వేటది మరో తీరు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో దూసుకెళ్లే ఆ జంతువును వెంటాడటం గుర్రానికైనా కష్టమే. అందుకే సంస్థానాల్లో చీతాలను మచ్చిక చేసేవారు. కళ్లకు గంతలు కట్టి, ఎడ్లబండి మీద మంద దగ్గరికి తీసుకెళ్లి, గంతలు విప్పి వదిలేవారు. ఆ చీతాలు కూడా వేటకు, మైదానాలు పొలాలుగా మారిపోవడానికి బలై దేశంలోనే లేకుండా పోయాయి. 1952లో ప్రభుత్వం చీతా అంతరించిందని ప్రకటించింది. కృష్ణజింకకు సహజ శత్రువు అలా మాయమైంది.

ఆ తర్వాత ఇక్కడ కథ పూర్తిగా తిరగబడింది. జైన తీర్థంకరుడు వర్ధమాన మహావీరుడి 2,500వ నిర్వాణ ఉత్సవాల సందర్భంగా 1975లో ఈ వేటభూమిని జింకల వనంగా మార్చి, అహింసను బోధించిన ఆ మహనీయుడి పేరే పెట్టారు. 1994లో ఇది జాతీయ పార్కు అయింది. హరిణం అంటే జింక. పక్కన వెలిసిన కాలనీ పేరులోనూ 'వనస్థలి' చేరింది.

గోడ లోపలి లెక్క

అడవిలో జింకల సంఖ్యను అదుపులో ఉంచేది పులి, చిరుత, రేచుకుక్కలు, తోడేళ్లు. ఒక పులికి సగటున వారానికో పెద్ద జంతువు కావాలి. అంటే ఏడాదికి యాభై దాకా. క్రూరంగా కనిపించినా అడవిని నిలబెట్టేది ఆ ఏర్పాటే. ముసలివీ, జబ్బుపడ్డవీ ముందు చిక్కుతాయి. మిగిలినవి ఒకేచోట మేయకుండా ఎప్పుడూ కదులుతూ ఉంటాయి. నమిలేసిన గడ్డి మళ్లీ మొలవడానికి వ్యవధి దొరుకుతుంది.

మరి నగరం మధ్యలోని వనంలో? పులి ఊసే ఉండదు. నక్కో, కొండచిలువో అప్పుడప్పుడూ ఓ పిల్లను పట్టినా దాంతో లెక్క తేలదు. చుక్కల జింక దాదాపు ఎనిమిది నెలలు మోసి ఒక పిల్లను కంటుంది. కృష్ణజింకకైతే ఆర్నెల్లు చాలు. వంద జింకల మంద ఏటా ఇరవై శాతం చొప్పున పెరుగుతుందనుకోండి. నాలుగేళ్లకు రెండు వందలు దాటుతుంది. ఎనిమిదేళ్లకు నాలుగు వందలు. పన్నెండేళ్లకు తొమ్మిది వందలకు దగ్గర! జింకలు రెట్టింపు అవుతాయి. ఎకరాలు మాత్రం అన్నే ఉంటాయి.

బయటకు పోదామంటే దారేదీ? ఒకపక్క హైవే, మిగతా పక్కల కాలనీలు. గోడ దాటిన జింకకు లారీలూ, వీధికుక్కలే ఎదురవుతాయి. అలాంటి చోట మేత చాలకపోతే ముందు లేత మొక్కలు పోతాయి. తర్వాత అందినంత ఎత్తు వరకూ ఆకులు పోతాయి. ఆఖరికి ఆకలి, జబ్బులు పులి పని చేస్తాయి. పులి ఒక్కదాన్ని చంపుతుంది. ఆకలి మందను పట్టుకుంటుంది.

ఇది ఊహ కాదు. అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో కైబాబ్ అనే పీఠభూమి ఉంది. 1906లో అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ దాన్ని జంతు సంరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. జింకల వేట నిషేధించారు. అంతటితో ఆగక, జింకలను కాపాడాలని తోడేళ్లు, ప్యూమాలు లాంటి వేటాడే జంతువులను వేలల్లో చంపించారు. జింకలు విపరీతంగా పెరిగాయి. 1924 తర్వాత వచ్చిన చలికాలాల్లో తిండిలేక వేలకు వేలు రాలిపోయాయి. జింకలు కచ్చితంగా ఎన్ని అన్నదానిపై శాస్త్రవేత్తలు ఆ తర్వాత చాలా వాదించుకున్నారు. కానీ ప్రేమతో చేసిన పనే ప్రాణం మీదకు తెచ్చిందన్న పాఠం మాత్రం ప్రపంచమంతా చదువుకుంది.

న్యూజెర్సీలో... రూలు ప్రకారం వేట!

న్యూజెర్సీలో పిల్లల దగ్గరికి వెళ్లొచ్చిన అమ్మానాన్నలను అడగండి. పెరట్లో వేసిన బెండ, టొమాటో మొక్కల్ని రాత్రికి రాత్రే జింకలు ఎలా ఊడ్చేస్తాయో కథలుగా చెబుతారు. అవి తెల్లతోక జింకలు. విచ్చలవిడి వేట వల్ల 1900 నాటికి అమెరికా మొత్తమ్మీద కొన్ని లక్షలే మిగిలాయి. గట్టి చట్టాలతో కాపాడితే ఇప్పుడు మూడు కోట్ల దాకా ఉన్నాయని అంచనా. తోడేళ్లను ఎప్పుడో తుడిచిపెట్టేశారు కాబట్టి ఇక అడ్డేముంది?

ఇబ్బందులూ అదే స్థాయిలో ఉన్నాయి. ఆ దేశంలో ఏటా పది లక్షలకు పైగా వాహనాలు జంతువులను, ముఖ్యంగా జింకలను, ఢీకొంటున్నాయని బీమా సంస్థలు లెక్కగడుతున్నాయి. అడవుల్లో మొలకలన్నీ జింకల పాలై, పెద్ద చెట్ల కింద నేల బోసిపోతోంది. పొదల్లో గూళ్లు కట్టే పిట్టలకు చోటు లేదు.

అందుకే అక్కడ చాలా రక్షిత వనాల్లో 'నియంత్రిత వేట' పెట్టారు. న్యూజెర్సీలోని ఎసెక్స్ కౌంటీ సంగతే చూడండి. సౌత్ మౌంటెన్ రిజర్వేషన్ అనే పెద్ద పార్కులో 2008 నుంచి ఈ పద్ధతి మొదలైంది. చలికాలంలో కొన్ని రోజులు నిర్ణయిస్తారు. ఆ రోజుల్లో వేట సాగుతున్నంతసేపూ పార్కులోకి జనాన్ని రానివ్వరు. గురిలో పరీక్ష నెగ్గిన వారికే అనుమతి. గుండు గురితప్పినా నేలలోకే దిగేలా చెట్టు మీద కట్టిన మంచె నుంచి కిందికే కాల్చాలి. మాంసం పేదలకు ఆహారం పంచే సంస్థలకు వెళ్తుంది. అదే రాష్ట్రంలోని ప్రిన్స్‌టన్ ఊరు 2000 దశకం మొదట్లోనే డబ్బిచ్చి షార్ప్ షూటర్లను పిలిపించింది.

ఇందులో ఒక విశేషముంది. నవాబుల కాలపు వేటగాడికి కావాల్సింది గోడకు తగిలించే పెద్ద కొమ్ములు. అందుకని మగజింకనే కొట్టేవాడు. నియంత్రిత వేటలో ముందు కొట్టాల్సింది ఆడజింకను. కారణం సులువే. ఒక్క మగజింక మిగిలినా ఎన్నో ఆడజింకలకు పిల్లలు పుడతాయి. మగవాటిని ఎన్ని చంపినా సంఖ్య తగ్గదు. అది షికారు, ఇది లెక్క!

అక్కడా అందరూ ఒప్పుకోలేదు. ఊరేగింపులు జరిగాయి, కేసులు పడ్డాయి. చంపొద్దనేవారు గర్భనిరోధక ఇంజెక్షన్లు వేయమన్నారు. న్యూయార్క్ దగ్గరి ఫైర్ ఐలాండ్‌లో 1993 నుంచి వేసి చూశారు. సంఖ్య తగ్గింది. కాకపోతే చిన్న దీవి కాబట్టి సాధ్యమైంది. పెద్ద అడవిలో ప్రతి ఆడజింకనూ వెతికి, మళ్లీ మళ్లీ సూది వేయడమంటే మాటలా? ఖర్చూ ఎక్కువే, కాలమూ ఎక్కువే.

మన చట్టం ఏమంటోంది?

'అయితే మనమూ అలా చేస్తే పోలా?' అనడానికి వీల్లేదు. మన దగ్గర వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. చాలామందికి తెలియని విషయమేంటంటే, ఆ చట్టంలో మొదట లైసెన్సు తీసుకుని కొన్ని జంతువులను వేటాడే వెసులుబాటు ఉండేది. 1991 సవరణతో దాన్ని ఎత్తేశారు. జాతీయ పార్కులో అయితే గడ్డిపరక కోయాలన్నా అధికారుల అనుమతి ఉండాల్సిందే.

ఇక సంఖ్య పెరిగితే ఏం చేయాలన్నదానికీ చట్టంలో జవాబుంది. వన్యప్రాణులను శాస్త్రీయ పద్ధతిలో మరోచోటికి తరలించవచ్చు. సంఖ్యను అదుపు చేయవచ్చు. కానీ చంపకుండా, విషం పెట్టకుండా, నాశనం చేయకుండా! ఈ ఒక్క షరతే మనకూ, అమెరికాకూ మధ్య ఉన్న తేడా.

కృష్ణజింకకు అన్నిటికన్నా గట్టి రక్షణ ఉండే మొదటి షెడ్యూల్‌లో చోటిచ్చారు. 1998లో రాజస్థాన్‌లో కృష్ణజింకలను వేటాడిన కేసు నటుడు సల్మాన్‌ఖాన్‌ను ఇరవై ఏళ్లు వెంటాడి, 2018లో ఐదేళ్ల జైలుశిక్ష దాకా తెచ్చింది. ఆయన అప్పీలుకు వెళ్లారు. 2005లో క్రికెట్ దిగ్గజం మన్సూర్ అలీఖాన్ పటౌడీ మీదా హర్యానాలో ఇలాంటి కేసే నమోదైంది. పేరున్నవాళ్లయినా సరే, చట్టం ముందు నిలబడాల్సి వచ్చింది.

పొలంలో కథ వేరు

అయితే జింక అందరికీ ముద్దొచ్చేది కాదు. మక్తల్, మాగనూరు, కృష్ణా మండలాల రైతులను కదిలించండి. కృష్ణమ్మ ఒడ్డున మందలు మందలుగా తిరిగే కృష్ణజింకలు మొలకెత్తిన పంటను మేసిపోతుంటే రాత్రిళ్లు నిద్ర కాచే కష్టం చెబుతారు. రక్షణ బిరుదు జింకకు, నష్టం రైతుకు!

కర్నూలు జిల్లాలో (ఇప్పుడు నంద్యాల జిల్లా) రోళ్లపాడు దగ్గర 1988లో బట్టమేక పిట్ట కోసం అభయారణ్యం ఏర్పాటు చేశారు. గడ్డిభూముల్ని కాపాడటంతో కృష్ణజింకలు బాగా పెరిగాయి. పక్క పొలాల మీద పడ్డాయి. రైతులకు జింకల మీద వచ్చిన కోపం అభయారణ్యం మీదకు మళ్లింది. ఎవరి కోసం ఇదంతా మొదలైందో ఆ బట్టమేక పిట్ట మాత్రం అక్కడ దాదాపు కనిపించకుండా పోయింది. ఒక ప్రాణి లెక్క తప్పితే దెబ్బ ఇంకో ప్రాణికి తగులుతుందనడానికి ఇంతకంటే ఉదాహరణ ఏం కావాలి?

పంటల కోసం తుపాకీ పట్టిన సందర్భం మన దేశంలో లేకపోలేదు. బీహార్‌లో నీల్‌గాయిలను పంటలకు హానిచేసే జంతువులుగా కేంద్రం కొంతకాలానికి ప్రకటించింది. 2016 జూన్‌లో మొకామా ప్రాంతంలో రెండు వందలకు పైగా నీల్‌గాయిలను కాల్చారు. ఆ పనికి వెళ్లింది మన హైదరాబాద్‌కు చెందిన వేటగాడు నవాబ్ షఫత్ అలీఖానే! దాని మీద కేంద్రమంత్రులు మేనకాగాంధీ, ప్రకాశ్ జవదేకర్ బహిరంగంగానే మాటలు అనుకున్నారు. ఒకరు దాన్ని చంపాలన్న యావ అన్నారు. మరొకరు రైతుల మొర విని, రాష్ట్రాలు అడిగితేనే అనుమతి ఇచ్చామన్నారు. తెలంగాణలోనూ పంటల్ని పాడుచేసే అడవిపందులను కాల్చడానికి షరతులతో అనుమతులిచ్చారు. కానీ ఇవన్నీ పొలాల్లో. జాతీయ పార్కు గోడ లోపల మాత్రం తుపాకీ మాటే లేదు.

పట్టుకెళ్లి వదిలేయొచ్చుగా!

వినడానికి తేలికే. జింకను పట్టుకోవడం మాత్రం పులిని పట్టుకోవడం కన్నా కష్టమంటారు అడవి తెలిసినవాళ్లు. అది మహా పిరికి ప్రాణి. వెంటాడినా, వల వేసినా భయంతో ఒళ్లంతా బిగదీసుకుపోతుంది. కండరాలు దెబ్బతిని, పట్టుకున్న కొన్ని గంటల్లోనో రోజుల్లోనో చచ్చిపోతుంది. మత్తు సూదితోనూ ఈ ప్రమాదం ఉంటుంది.

అందుకే ఆఫ్రికా నుంచి 'బోమా' పద్ధతి వచ్చింది. గరాటు ఆకారంలో పెద్ద దడి కట్టి, పచ్చటి తెరలు కప్పుతారు. లోపల మేత పెడతారు. జింకలు దానికి అలవాటు పడ్డాక, చెయ్యి తగలకుండానే మెల్లగా ఇరుకు దారిలోంచి లారీలోకి నడిపిస్తారు. మధ్యప్రదేశ్‌లో ఈ పద్ధతిలో చుక్కల జింకలను ఒక అడవి నుంచి మరో అడవికి చేర్చారు. అదే రాష్ట్రంలోని షాజాపుర్ జిల్లాలో 2025 అక్టోబరులో దక్షిణాఫ్రికా నిపుణుల సాయంతో హెలికాప్టర్ వాడి మరీ, పొలాల్లోని ఎనిమిది వందలకు పైగా కృష్ణజింకలను బోమాలోకి మళ్లించి రక్షిత అడవులకు తరలించారు. రైతుకు పంట దక్కింది, జింకకు ప్రాణం దక్కింది.

తొందరపడితే ఏమవుతుందో ఢిల్లీ చూపించింది. హౌజ్‌ఖాస్ జింకల పార్కు 1960ల్లో కొద్దిపాటి జింకలతో మొదలై, ఆరు వందల దాకా చేరింది. చోటు చాలదంటూ 2023లో కేంద్ర జూ అథారిటీ దాని గుర్తింపును రద్దు చేసి, జింకలను రాజస్థాన్ తదితర అడవులకు తరలించమంది. తరలించిన తీరు మీద విమర్శలు వచ్చి, వివాదం సుప్రీంకోర్టుకెక్కింది. 2025లో కోర్టు తరలింపును ఆపి, నిపుణులతో పరిశీలన చేయించమంది. పెరుగుతున్నప్పుడు దశాబ్దాల పాటు చూడకుండా, నిండిపోయాక ఒక్కసారిగా ఖాళీ చేయబోతే జరిగేది ఇదే.

ఇంకో చిక్కు కూడా ఉంది. నగరపు జింకలను పులులున్న అడవిలో వదిలితే అవి ఎవరి పొట్టలోకి వెళ్తాయి? పులి పొట్టలోకే. మనుషుల్ని చూసి తోక ఊపుకుంటూ దగ్గరికొచ్చే అలవాటున్న జింక, పులి వాసనకు బెదరడం నేర్చుకునేలోపే దొరికిపోతుంది. అందుకే కొత్తచోట కంచె వేసి కొన్నాళ్లు అలవాటు చేసి, ఆ తర్వాతే వదలాలంటారు. పులికి ఆహారం కావడం జింకకు సహజమే. దిక్కుతోచక చావడం మాత్రం సహజం కాదు.

జింకా... కృష్ణజింకా?

రెండిటినీ జింకలనే అంటాం కానీ, కుటుంబాలు వేరు. చుక్కల జింక కొమ్ములు కొమ్మల్లా చీలి ఉంటాయి, ఏటా రాలి మళ్లీ మొలుస్తాయి. కృష్ణజింక కొమ్ములు మెలితిరిగి ఉంటాయి, జీవితాంతం రాలవు. మొదటిదానికి చెట్లూ, నీడా కావాలి. రెండోదానికి చుట్టూ దూరం దాకా కనిపించే గడ్డి మైదానం కావాలి. తెలంగాణ 2014లో చుక్కల జింకను రాష్ట్ర జంతువుగా ఎంచుకుంది. ఆంధ్రప్రదేశ్‌కు కృష్ణజింకే రాష్ట్ర జంతువు.

హరిణ వనస్థలికి ఏం కావాలి?

కాల్చొద్దు అన్న నిర్ణయం మనది. మహావీరుడి పేరు పెట్టుకున్న చోట ఇంకో నిర్ణయం ఊహించలేం కూడా. కాకపోతే ఆ మాటకు ఒక వెల ఉంది. పులి చేసే పనీ, వేటగాడు చేసే పనీ వద్దనుకున్నప్పుడు, ఆ పని ఏడాది పొడవునా మనుషులే ఓపిగ్గా చేయాలి.

మొదటిది, లెక్క. ఎన్ని జింకలున్నాయన్నది ఒక్కటే చాలదు. ఆడవెన్ని, మగవెన్ని, పిల్లలెన్ని, గడ్డి ఎన్నిటికి సరిపోతుంది... ఇవన్నీ ఏటా తేల్చాలి. మంద నిండకముందే కొన్నింటిని పంపేస్తే పదింటితో పోయేది, ఆలస్యం చేస్తే వందలతో కూడా తీరదు.

రెండోది, గడ్డి. పచ్చదనం పేరుతో మైదానమంతా చెట్లు నాటితే చూడటానికి బాగుంటుంది. కానీ కృష్ణజింక అందులో బతకలేదు. సర్కారు తుమ్మ, లాంటానా, వయ్యారిభామ లాంటివి కమ్ముకుంటే మేసే గడ్డి నశిస్తుంది. వాటిని పీకడం, గడ్డిని పెంచడం కూడా జింకల్ని కాపాడటంలో భాగమే. వేసవిలో సాసర్ గుంతల్లో పోసే నీళ్లంత ముఖ్యమైన పని అది.

మూడోది, రక్తసంబంధం. గోడ లోపలే తరతరాలుగా పెరిగే మందలో దగ్గరి చుట్టరికాలు పెరిగి బలహీనపడతాయి. అప్పుడప్పుడూ వేరేచోటి మగజింకలతో మార్పిడి చేయడం మేలు.

నాలుగోది మన పని. జింకకు చిప్స్, బిస్కెట్లు పెట్టడం ప్రేమ కాదు. ప్లాస్టిక్ కవరు పొట్టలో చేరితే జింక చస్తుంది. కాలనీ చెత్తను గోడ పక్కన పడేస్తే వీధికుక్కలు పోగవుతాయి. కుక్కలు పోగైతే గోడ దాటే దారి వెతుక్కుంటాయి.

2025 ఏప్రిల్‌లో నగరానికి అటు చివర కంచ గచ్చిబౌలిలో చెట్లు కూల్చినప్పుడు, ఇళ్ల మధ్యకు వచ్చేసిన జింకల్ని చూసి నగరమంతా కలవరపడింది. సుప్రీంకోర్టు కలగజేసుకుని ఆపింది. ఇటు వైపు హరిణ వనస్థలికి జాతీయ పార్కు హోదా ఉంది, గోడ ఉంది, చట్టం అండ ఉంది. ఆ 3,605 ఎకరాల మీద చెయ్యి వేయడం అంత తేలిక కాదు. లోపలి లెక్క చూసుకునే ఓపికే ఇక ఉండాల్సింది. ఈసారి పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు జింకల్ని చూపించడంతో ఆపకండి. అవి మేస్తున్న గడ్డినీ చూపించండి. వనం బాగోగులు మొదట తెలిసేది అక్కడే.